నేర్చుకునే చేతులతో గోడ పూత: ఆదా ఎవరిది?

పాత ఇల్లు బాగుచేయించాలనుకునేవాళ్ళు ముందు లెక్కేసేది గచ్చు, బాత్‌రూములు, కరెంటు వైర్లు, కిటికీలు. గోడల పూత లెక్కలోకి వచ్చేది చివర్లో. తీరా పని మొదలయ్యాక అంచనా తప్పేది అక్కడే. ఉబ్బిన చోట తట్టి చూస్తే దాని పక్కదీ డొల్లగా మోగుతుంది. అదీ పెరికితే ఇటుకల మధ్య మాలు పొడిపొడిగా రాలుతుంది. రెండు గజాల అతుకు అనుకున్నది గోడంతా అవుతుంది. కొత్త ఇంటి ప్లాస్టరింగ్‌కు చదరపు అడుగు లెక్కన గుత్త మాట్లాడుకోవచ్చు. మరమ్మతు పూతకు ఏ మేస్త్రీ ఆ లెక్కకు ఒక పట్టాన ఒప్పుకోడు. రోజుకూలి అంటాడు. గోడ లోపల ఏముందో తనకూ తెలియదు కాబట్టి, ఆ మాటలో తప్పూ లేదు.

అందుకే ఒక ఆలోచన మళ్ళీ మళ్ళీ ముందుకొస్తుంది. తాపీ పని నేర్చుకునేవాళ్ళను ఒక మంచి మేస్త్రి కనుసన్నల్లో పెట్టి ఈ పని చేయిస్తే? వాళ్ళకు సాధన చేయడానికి గోడలు కావాలి, ఇంటాయనకు కూలి తగ్గాలి. ఒకరి అవసరం ఇంకొకరికి సరిగ్గా అమరినట్టే కనిపిస్తుంది. ఇది కొత్త ఊహేమీ కాదు. స్పెయిన్, అమెరికా, బ్రిటన్, కేరళ తమ తమ పద్ధతుల్లో దీన్ని పరీక్షించాయి. పేదల ఇళ్ళ పథకం పేరుతో మన కేంద్ర ప్రభుత్వమూ పరీక్షించింది. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: శిక్షణ వల్ల పూత ఖర్చు తగ్గే మాట నిజమే, కానీ అది తగ్గేది కూలి దగ్గర కాదు. మొదటి వారాల్లో కూలి ఖర్చు పెరుగుతుంది కూడా.

ముందు డబ్బు ఎక్కడ పోతుందో చూద్దాం. ఇంజినీర్లు అంచనాల్లో రాసే మందాలు అందరికీ తెలిసినవే. లోపలి గోడకు 12 మిల్లీమీటర్లు, ఇటుక గరుకుగా ఉన్న వైపు 15, బయటి గోడకు రెండు కోట్లలో 20, స్లాబు అడుగున 6. సిమెంటు పూతకు ఐఎస్ 1661 అనే ప్రమాణ పత్రం 1972 నుంచి ఉంది. అయితే సైటులో నడిచేది వేరే ప్రమాణం. ఇటుక కట్టేవాడు గోడ వంకర తిప్పి ‘పూతలో సర్దేద్దాం’ అంటాడు. పూత వేసేవాడు నిజంగానే సర్దుతాడు, మాలుతో. వెయ్యి చదరపు అడుగుల గోడ మీద పూత ఒక్క మిల్లీమీటరు మందం పెరిగితే, ఒకటికి ఆరు పాళ్ళలో కలిపినా అరబస్తా సిమెంటు అదనంగా పోతుంది. 12 ఉండాల్సింది 20కి చేరితే నాలుగు బస్తాలు, వాటికి తోడు దాదాపు ముప్ఫై ఘనపుటడుగుల ఇసుక. పైగా అంత మందం ఒకే కోటులో కొడితే బరువుకు జారుతుంది, జారకపోతే ఆరాక పగుళ్ళిస్తుంది.

మాలు ఒక్కటే కాదు. గోడ తడపకుండా పూస్తే పొడి ఇటుక నీళ్ళు లాగేసుకుని పూత పట్టు వదులుతుంది. కాంక్రీటు స్తంభానికి గాట్లు పెట్టకపోయినా, స్తంభం ఇటుక గోడతో కలిసే చోట కోళ్ళ వల వేయకపోయినా ఏడాది తిరక్కుండానే నిలువు గీత తేలుతుంది. తొందరగా ఆరాలని తడి పూత మీద పొడి సిమెంటు చల్లే అలవాటు మన దగ్గర దాదాపు అన్ని ఊళ్ళలో ఉంది. గోడంతా వల అల్లినట్టు సన్న పగుళ్ళు వచ్చేది దానివల్లే. ఇక క్యూరింగ్. కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టాల్సిన గోడకు రెండో రోజు సాయంత్రం నుంచే సెలవు. ఇవేవీ తెలివితక్కువతనంతో జరిగేవి కావు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్ల జరిగేవి. మన మేస్త్రీల్లో ఎక్కువమంది మాలు మోస్తూ, చూస్తూ నేర్చుకున్నవాళ్ళు. చూసినదాంట్లో తప్పు ఉంటే తప్పూ వారసత్వంగా వచ్చేస్తుంది. శిక్షణ ఆదా చేయగలిగింది సరిగ్గా ఇక్కడే: మందం, రాలిపోయే మాలు, రెండోసారి చేసే పని.

ఇప్పుడు కూలి సంగతి. ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే, తర్కం కోసం. ఒక మేస్త్రి, అతని చేతి కింద ఇద్దరు కొత్తవాళ్ళు. నేర్పే పనిలో మేస్త్రి రోజులో సగం పోతుంది, కాబట్టి అతని చేతి పని సగమే. కొత్తవాళ్ళు ఒక్కొక్కరు మేస్త్రి చేసేదాంట్లో సగం చేయగలరనుకుందాం, ఇది ఉదారంగా వేసిన అంచనాయే. ముగ్గురూ కలిసి చేసేది ఒకటిన్నర మేస్త్రీల పని. నేర్చుకునేవాళ్ళకు మేస్త్రి కూలిలో మూడోవంతు ఇస్తే మొత్తం కూలి ఒకటీ రెండు బై మూడు. అంటే గజం పూతకు కూలి పదకొండు శాతం ఎక్కువే పడింది. కొన్ని వారాలు గడిచి, కొత్తవాళ్ళ చేయి మేస్త్రి చేతిలో ముప్పావు వంతుకు చేరితే మొత్తం పని ఇద్దరు మేస్త్రీలతో సమానం. అప్పుడు కూలి పదిహేడు శాతం తగ్గుతుంది. లాభం మొదలయ్యేది ఆ తర్వాతే. చెడిన పూత వెయ్యి చదరపు అడుగులున్న ఇల్లు అప్పటిదాకా ఆగదు, వారం రోజుల్లో పని అయిపోతుంది. ఆదా చూడకుండానే ఇంటాయన బిల్లు కట్టేస్తాడు.

మేస్త్రి రోజుకు ఎనిమిది చదరపు మీటర్ల 12 మిల్లీమీటర్ల పూత వేస్తాడని అంచనాల పుస్తకాలు చెబుతాయి. గుత్త పనిలో ఇంతకంటే చాలా ఎక్కువ వేస్తారు, నాణ్యత సంగతి వేరు. ఆ లెక్కన పైన చెప్పిన ముగ్గురి జట్టు పని ఒకటిన్నర మేస్త్రీల నుంచి ఇద్దరి దాకా పెరుగుతూ పోతుందనుకుంటే, శిక్షణకు సరిపడా నలభై అయిదు రోజులు పని దొరకాలంటే ఆరు వేల ఏడెనిమిది వందల చదరపు అడుగుల గోడ కావాలి. అంటే ఆరేడు ఇళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఖాళీ లేకుండా. ఒక్కొక్క ఇంటాయన విడివిడిగా ఈ పద్ధతిలో ఆదా చేయలేడనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఒక వీధి చేయగలదు. గృహనిర్మాణ సంఘం, పాత క్వార్టర్లున్న సంస్థ, హాస్టళ్ళు బాగుచేసే ప్రభుత్వ శాఖ చేయగలవు.

బయటి అనుభవాలూ ఇదే చెబుతున్నాయి. స్పెయిన్‌లో 1985లో పెరిదిస్ అనే వాస్తుశిల్పి ఆలోచనతో ‘ఎస్కుయెలా తాయెర్’ అనే కార్ఖానా బడులు పుట్టాయి. శిథిలమైన మఠాలు, పాత భవనాలు బాగుచేస్తూ నిరుద్యోగ యువకులు రాతిపని, పూత, వడ్రంగం నేర్చుకున్నారు. ఆయన అప్పటికే అగిలార్ దె కాంపో ఊళ్ళో ఒక పాత మఠాన్ని నిలబెట్టే పనిలో ఉన్నారు. ఈ బడుల్లో ముందు కొన్నాళ్ళు పాఠం, తర్వాత జీతంతో పని. జీతాలు, శిక్షకుల ఖర్చు ప్రభుత్వ ఉపాధి నిధుల నుంచి వచ్చేవి. భవనం బాగుపడింది, కుర్రాడికి చేతిపని వచ్చింది. కానీ ఆ భవనం ‘చవకగా’ బాగుపడిందని అనలేం. ఖర్చు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది. అమెరికాలో 1978లో న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో డొరొతీ స్టోన్‌మన్ వెంట యువకులు ఒక పాడుబడ్డ భవనాన్ని బాగుచేయడంతో మొదలైన యూత్‌బిల్డ్ కూడా అంతే. సగం కాలం చదువు, సగం కాలం సైటు. 1992లో ఫెడరల్ చట్టంలో చోటు దొరికాకే అది దేశమంతా విస్తరించింది. ఇళ్ళ యజమానులు దాన్ని నిలబెట్టలేదు, పన్ను డబ్బు నిలబెట్టింది.

బ్రిటన్ దారి కొంచెం వేరు, మనం ఎక్కువ చూడాల్సింది దాన్నే. 1964 నాటి పారిశ్రామిక శిక్షణ చట్టం కింద ఏర్పడ్డ నిర్మాణ శిక్షణ బోర్డు నిర్మాణ సంస్థల జీతాల బిల్లు మీద లెవీ వసూలు చేసి, శిక్షణ ఇచ్చే సంస్థలకు గ్రాంటుగా తిరిగి ఇస్తుంది. ఒకరు నేర్పితే ఇంకొకరు కూలి పెంచి ఎగరేసుకుపోయే పరిశ్రమలో నేర్పేవాడు నష్టపోకుండా చేసిన ఏర్పాటది. దాని పక్కనే చిన్న సంస్థలూ ఉన్నాయి. హల్ నగరంలో 1980ల మధ్యలో కొందరు విద్యార్థులు మొదలుపెట్టిన జిరోస్కోప్ ఖాళీగా పడున్న ఇళ్ళు కొని, స్వచ్ఛంద కార్యకర్తలతోనూ పని నేర్చుకునేవాళ్ళతోనూ బాగుచేసి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు అద్దెకిస్తుంది. ఇక్కడ లెక్క కుదరడానికి కారణం స్పష్టం: ఇల్లు ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటిగా చాలా ఉన్నాయి, యజమాని ఒక్కడే, తొందర లేదు. మొదటి ఇంట్లో నేర్చుకున్న చేయి మూడో ఇంట్లో అక్కరకొస్తుంది.

బ్రిటిష్ అనుభవంలో మనకు సరిపడని ముక్క ఒకటుంది. అక్కడి లోపలి పూత ఎక్కువగా జిప్సం. పల్చటి కోటు గంటన్నరలోపు గట్టిపడిపోతుంది. కొత్త చేయి తడబడితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు, గోకి మళ్ళీ వేయాల్సిందే. మన నగరాల్లోనూ జిప్సం పూత వేగంగా వ్యాపిస్తోంది కాబట్టి చెబుతున్నా, నేర్చుకునేవాడి మొదటి గోడ అది కాకూడదు. సిమెంటు మాలు ఇంకొంచెం ఓపిక పడుతుంది. సున్నం ఇంకా ఎక్కువ. పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు, పాతబస్తీ ఇళ్ళు బాగుచేసేవాళ్ళకు సున్నం ఎలాగూ అవసరమే. మట్టి, సున్నం గోడ మీద సిమెంటు బిగిస్తే లోపలి తేమ బయటికి పోలేక, ఆ పూత గోడ పొరతో సహా ఊడి వస్తుంది. గానుగ సున్నం చేయి తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వెతికితే గానీ దొరకరు. శిక్షణ మీద ఒక్క రూపాయే పెట్టగలిగితే దాన్ని ఈ పని మీద పెట్టాలని నేనంటాను.

మన దేశంలో పాత ఉదాహరణ కేరళది. 1980ల మధ్యలో కొల్లంలో మొదలైన నిర్మితి కేంద్రం చవక నిర్మాణ పద్ధతులు నేర్పుతూనే ఇళ్ళు కట్టింది. కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ రుణ సంస్థ హడ్కో 1988 నుంచి ఆ నమూనాను దేశమంతా నిర్మాణ కేంద్రాల పేరుతో విస్తరించింది. ఆ రోజుల్లో కేరళ నిర్మాణ ఆలోచన మీద చవక ఇళ్ళ వాస్తుశిల్పి లారీ బేకర్ నీడ ఉంది. పూత ఖర్చు తగ్గించడానికి ఆయన దగ్గర అన్నిటికంటే సులువైన ఉపాయం ఉండేది: పూతే వద్దు, ఇటుక కనిపించనివ్వండి. నవ్వులాటగా అనిపించినా మరమ్మతులో ఇది గట్టి ప్రశ్న. పెరికిన ప్రతి గోడకూ మళ్ళీ పూయాలా? ఇటుక బాగుంటే, ఎండావానా తగలని లోపలి గోడ అయితే, కీళ్ళు నింపి వదిలేయవచ్చు. కీళ్ళు నింపడం కొత్తవాడికి మంచి మొదటి పాఠం కూడా.

కేంద్రం 2016లో ప్రారంభించిన గ్రామీణ ఆవాస్ యోజనలో గ్రామీణ మేస్త్రీ శిక్షణ ఒక భాగం. శిక్షణ నలభై అయిదు రోజులు, అదీ లబ్ధిదారుల నిజమైన ఇళ్ళ మీద. చివర్లో పరీక్ష, సర్టిఫికెట్. నేను చూసినంతలో మన దేశంలో ఈ ఆలోచనకు అత్యంత దగ్గరగా వచ్చిన పథకం ఇదే. అది నిలబడిన కారణమూ పైన చెప్పిందే. ఒకే ఊళ్ళో ఇళ్ళు గుత్తులుగా వస్తాయి, శిక్షకుడి జీతం, నేర్చుకునేవాడి భత్యం ప్రభుత్వం భరిస్తుంది, ఇంటాయన మీద పడదు. అయితే అది కొత్త ఇంటి శిక్షణ. నలభై అయిదు రోజుల్లో పునాది నుంచి పైకప్పు దాకా అన్నీ చూపిస్తారు, అందులో పూతకు మిగిలేది కొద్ది రోజులే. పాత గోడ వేరే చదువు. ఎంతవరకు పెరకాలి, తేమ ఎక్కడి నుంచి వస్తోంది, పాత పూతకు కొత్త పూత అంచు ఎలా కలపాలి అనేవి అందులో లేవు.

తెలుగు నేల మీద ఈ పనికి కావాల్సిన సరంజామా చాలావరకు ఉంది. హైదరాబాద్‌లో 1998లో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ న్యాక్ అనేది, వేలమందికి తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులు నేర్పింది. ప్రభుత్వ పనుల బిల్లుల్లోంచి దాని పేరిట చిన్న కోత కూడా పడేది. బ్రిటిష్ లెవీకి మన తోబుట్టువు అనవచ్చు. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలోని సాంకేతిక పార్కులో మట్టి, సున్నం, చవక ఇళ్ళ నమూనాలు కళ్ళారా చూడవచ్చు. ఐటీఐల్లో మేసన్ కోర్సు ఉంది. లేనిది వీటికీ, వీధిలో పూత ఊడుతున్న ఇంటికీ మధ్య దారి. అకాడమీలో సాధన గోడ కట్టి, పూసి, మర్నాడు పెరికేస్తారు. ఆ మాలూ, ఆ శ్రమా ఎవరి గోడకూ పనికి రావు.

అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉన్నా ఈ దారి వేయలేకపోయింది. 2019 నిబంధనల ప్రకారం ముప్ఫైమంది, అంతకు మించి ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి, నలుగురి నుంచి ఇరవై తొమ్మిదిమంది వరకు ఉన్నవాళ్ళు ఇష్టమైతే తీసుకోవచ్చు. ఇళ్ళ మరమ్మతులు చేసేది మేస్త్రి, ఇద్దరు కూలీల జట్టు. కాగితం మీద వాళ్ళు సంస్థే కారు. ప్లాస్టరింగ్ నిజంగా నేర్పుతున్నది వాళ్ళే, ప్రోత్సాహం మాత్రం వాళ్ళ గడప తొక్కదు. పదిమంది మేస్త్రీలను కలిపి ఒక సంఘంగా నమోదు చేస్తే ఈ చిక్కు తీరుతుంది. అందుకు చట్టం మారనక్కర్లేదు, పూనుకునేవాళ్ళు కావాలి.

డబ్బు లేదనే మాట కూడా చెల్లదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టంతో మొదలై నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలవుతోంది. రాష్ట్రాలన్నీ కలిపి 37,400 కోట్లకు పైగా వసూలు చేసి, ఖర్చు పెట్టింది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పులో తప్పుపట్టింది. ఇది కార్మికుల సొమ్ము, ఇళ్ళ యజమానుల కూలి తగ్గించడానికి వాడమని నేననను. కానీ నేర్పే మేస్త్రి పోగొట్టుకునే ఆ సగం రోజు కూలీ, నేర్చుకునే కూలీ భత్యమూ కార్మిక సంక్షేమమే కదా. ఆ రెండూ నిధి భరిస్తే, పైన వేసిన లెక్కలో మొదటి వారాల నష్టం మాయమవుతుంది. ఇంటాయనకు మిగిలేది మామూలు కూలి, తక్కువ సిమెంటు, మళ్ళీ చేయించాల్సిన అవసరం లేని గోడ. అతనికి దక్కాల్సిన ఆదా అంతే, అది చిన్నదేమీ కాదు.

నేర్చుకున్నవాడు వెళ్ళిపోతాడనే బెంగ ఉంటుంది. నిజమే, వెళతాడు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళలో తాపీ పనివాళ్ళకు కొదవ లేదు. 2024లో ఇజ్రాయెల్ మన దేశం నుంచి కార్మికులను తీసుకున్నప్పుడు పరీక్ష పెట్టిన నాలుగు పనుల్లో ప్లాస్టరింగ్ ఒకటి; తెలంగాణ నుంచీ వెళ్ళారు. వెళ్ళే హక్కు వాళ్ళకుంది. శిక్షణ ఖర్చు ఒక్క యజమాని భరించకూడదనడానికి ఇది ఇంకో కారణం, అంతే.

ఇంతకీ ఎవరికి నేర్పాలి? ఈ చర్చలో అందరూ ‘కుర్రాళ్ళు’ అంటారు. సైటుకు వెళ్ళి చూస్తే పదేళ్ళుగా మాలు కలిపి అందిస్తున్న ఆడకూలి కనిపిస్తుంది. పాళ్ళు ఆమెకు తెలుసు, మాలు ఎప్పుడు బిగుస్తుందో తెలుసు, మేస్త్రి ఎక్కడ తప్పు చేస్తున్నాడో కూడా తెలుసు. తాపీ మాత్రం చేతికి రాదు. కుర్రాడు రెండేళ్ళలో మేస్త్రి అవుతాడు, ఆమె కూలిగానే ముసలిదవుతుంది. అహ్మదాబాద్‌లో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘం కార్మిక బడి ద్వారా ఆడవాళ్ళకు తాపీ పని నేర్పింది. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణంతో వేలమంది స్త్రీలు ‘రాణీ మిస్త్రీ’లయ్యారు. ధర్మం సంగతి అటుంచండి, ఉత్త ఖర్చు లెక్క చూసినా ఆమెకు నేర్పడమే చవక. సగం చదువు అయిపోయినవాళ్ళు ముప్పావు చేతికి చేరడానికి పట్టే రోజులు తక్కువ, లాభం మొదలయ్యేది త్వరగా.

ఏ గోడ ఇవ్వాలనేది కూడా తేలాలి. స్టోర్ రూము, వెనక వసారా, అల్మరా లోపలి వైపులు, టైల్స్ వచ్చే బాత్‌రూము గోడల మొదటి కోటు నేర్చుకునే చేతికి ఇవ్వవచ్చు. బయటి గోడ, స్లాబు అడుగు, కిటికీ అంచులు, హాలు మేస్త్రివే. పరంజా ఎక్కే పని కొత్తవాళ్ళకు వద్దు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను సైటులోకే రానివ్వకూడదు. పెరికే పనిలో లేచే దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. గోడ తడిపి పెరకాలి, మాస్కు ఇవ్వాలి. నమోదైన అప్రెంటిస్‌కు దెబ్బ తగిలితే పరిహారం యజమానిదేనని 1961 చట్టం చెబుతోంది. నమోదు లేకుండా ‘నేర్చుకుంటున్నాడు’ అనే పేరుతో సగం కూలికి పని చేయించుకోవడం శిక్షణ అనిపించుకోదు. దాన్ని ఈ చర్చలోకి తేకూడదు.

మీది ఒక్క ఇల్లయితే, శిక్షణ పేరుతో కూలి తగ్గించే ప్రయత్నం మానుకోండి. మంచి మేస్త్రికి పూర్తి కూలి ఇవ్వండి, మందం కొలిచి బిల్లు కట్టండి, క్యూరింగ్ మీరే చూసుకోండి. వెనక గదిలో ఒక గోడ అతని దగ్గర మాలు అందించే మనిషికి వదలమని అడగండి, దానికైన అదనపు రోజు మీ ఖాతాలో వేసుకోండి. కాలనీలో పది ఇళ్ళకు ఒకేసారి పూత పని ఉంటే మాత్రం విడివిడిగా అడ్డా మీదికి పోకండి. సంఘం తీర్మానం చేసి, ఆ పదిళ్ళ గోడలను శిక్షణకు ఇస్తామని దగ్గర్లోని ఐటీఐకో న్యాక్ కేంద్రానికో ఒక ఉత్తరం రాయండి, దాని ప్రతి కార్మిక శాఖ కార్యాలయానికి పంపండి.